అన్‌గుక్, ఇన్సాదోంగ్ పక్కన పాతకాలపు కొరియన్ భోజనం ఎక్కడ? (ఒకరు శాకాహారి, ఒకరు బీఫ్ తినరు)

చిట్టిగారె అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. మే రెండో వారంలో సియోల్‌లో మూడు రోజులు. బస అన్‌గుక్ స్టేషన్ దగ్గర. అందుకని బుక్‌చోన్, ఇన్సాదోంగ్, సొచోన్ వైపు నడిచి వెళ్లగలిగేంత దూరంలోనే తినాలనుకుంటున్నాం. నలుగురం. అమ్మ శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా వద్దు. నాన్న కోడి, చేప తింటారు. బీఫ్, పోర్క్ ముట్టరు. మిగతా ఇద్దరికీ ఏదైనా ఓకే.

బార్బెక్యూ, ఫ్రైడ్ చికెన్ గురించి కాదు అడిగేది. అక్కడివాళ్లు తరాలుగా తింటున్న తిండి కావాలి. ఏ కొట్టు, అందులో ఏ వంటకం అన్నది చెప్పండి. అమ్మకి తెల్లన్నం, కీరా ముక్కలు కాకుండా ఇంకేమైనా దొరుకుతుందా? నాన్నకి మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేరు. ముందే బుక్ చేసుకోవాలా, ఖర్చు ఎంత అవుతుంది, అదీ చెప్తే మేలు.

---

జోంగ్నో_సందులు:

ముందుగా ఒక మాట. బుక్‌చోన్, ఇక్‌సొన్‌దోంగ్‌లలో హానొక్ (పాతరకం కొరియన్ ఇల్లు) అందంగా ఉంది కదా అని లోపలికి వెళ్లిపోకండి. ఇక్‌సొన్‌దోంగ్ ఇళ్లు 1920, 30లలో కట్టినవే, కాదనను. కానీ వాటిలో ఇప్పుడు నడిచేవి ఎక్కువగా కెఫేలు, కొత్తరకం తిండి. పాత తిండి కావాలంటే గోడమీద బోర్డు చూడండి. రెండు మూడు వంటకాలే రాసి ఉంటే లోపలికి నడవండి. ముప్పై ఫోటోలున్న మెనూ కార్డుతో గుమ్మంలోనే పిలుస్తున్నారంటే అది మీలాంటి పర్యాటకుల కోసం పెట్టిన కొట్టు.

మీ లెక్క ప్రకారం కొట్లు ఇవి:

తోసోక్‌చోన్ (సొచోన్ వైపు). గ్యోంగ్‌బోక్‌గుంగ్ స్టేషన్ 2వ నంబర్ ఎగ్జిట్ నుంచి అయిదు నిమిషాల నడక. వంటకం సామ్‌గ్యేతాంగ్. చిన్న కోడిని ముక్కలు చేయకుండా, పొట్టలో జిగురు బియ్యం, జిన్‌సెంగ్ వేరు, ఎండు రేగుపండు, వెల్లుల్లి కూరి ఉడికిస్తారు. మట్టి గిన్నెలో కుతకుతలాడుతూ వస్తుంది. ఇక్కడి చారు మిగతాచోట్ల కన్నా చిక్కగా ఉంటుంది, గింజలు, పప్పులు నూరి కలుపుతారు. ఉప్పు దాదాపు ఉండదు. చప్పగా ఉందని పంపించేయకండి. బల్లమీద ఉప్పు, మిరియాలు ఉంటాయి. చిన్న పళ్లెంలో వేసుకుని మాంసం అద్దుకోవాలి, చారులో కొద్దికొద్దిగా కలుపుకోవాలి. ముందే గిన్నెలో ఉప్పు గుమ్మరిస్తే పొట్టలోని అన్నం కలిసేసరికి రుచి లెక్క తప్పుతుంది. చాప్‌స్టిక్స్‌తో కోడిని మధ్యకి విడదీసి, అన్నాన్ని చారులోకి వదిలి, సగం చల్లారాక తినండి. చిన్న గ్లాసులో జిన్‌సెంగ్ మద్యం ఇస్తారు, వద్దంటే పక్కన పెట్టేయొచ్చు. మనిషికి 20,000 వాన్ అటూఇటూ. మీ నాన్నగారికి ఇంతకన్నా నిశ్చింతైన గిన్నె ఈ చుట్టుపక్కల లేదు. క్యూ చూసి భయపడకండి, కొట్టు చాలా పెద్దది, వేగంగా కదులుతుంది. జులై, ఆగస్టులలో వచ్చే మూడు 'బోక్' రోజుల్లో మాత్రం ఆ వైపు వెళ్లనేకూడదు. కొరియావాళ్లంతా ఎండలు ముదిరిన ఆ రోజుల్లోనే ఇది తింటారు. మీరు మేలో కాబట్టి గొడవ లేదు.

సామ్‌చొంగ్‌దోంగ్ సుజేబి. 1982 నుంచి ఉంది. గోధుమపిండి ముద్దని పల్చగా లాగి, చేత్తో తుంచి మరుగుతున్న చారులో వేస్తారు. చారు నెత్తళ్లు, ఆల్చిప్పలతో. బీఫ్, పోర్క్ తగలదు కాబట్టి నాన్నగారికి పనికొస్తుంది. పక్కన బంగాళాదుంప అట్టు (గామ్‌జాజొన్) చెప్పండి. మనిషికి 10,000 వాన్ చుట్టూ. అన్‌గుక్ 1వ ఎగ్జిట్ నుంచి పావుగంట పైన పడుతుంది, కొంచెం ఎగువ నడక.

ఇమున్ సొల్లోంగ్‌తాంగ్. 1904లో పెట్టింది. సియోల్‌లో ఇప్పటికీ నడుస్తున్న హోటళ్లలో ఇదే అన్నిటికన్నా పాతదని అంటారు. జోంగ్‌గాక్ స్టేషన్ నుంచి దగ్గర. ఎద్దు ఎముకలు గంటలకొద్దీ కాచిన తెల్లటి చారు, లోపల అన్నం, సన్న నూడుల్స్, మాంసం. నాలుక, ప్లీహం ముక్కలు కూడా పడతాయి. పూర్తిగా బీఫ్, కాబట్టి ఇది మీలో 'ఏదైనా ఓకే' అన్న ఇద్దరికే. దీనికీ ఉప్పు మీరే వేసుకోవాలి. బల్లమీది ఉల్లికాడలు గుప్పెడు వేసి, సగం తిన్నాక ముల్లంగి కిమ్చీ (కాక్‌తుగి, కారం పట్టించి ఊరేసింది) నీళ్లు ఒక చెంచా కలిపితే రుచి మారిపోతుంది. మొదటే కలిపేస్తే ఎముకల చారు రుచి తెలీకుండా పోతుంది.

హాన్‌జోంగ్‌సిక్ అనే పెద్ద భోజనం (వరసగా పళ్లేలు వస్తూనే ఉండేది) ఇన్సాదోంగ్ సందుల్లో చాలాచోట్ల ఉంది. మీ నలుగురికి నేనైతే వద్దంటాను. కొన్ని పళ్లేలలో బీఫ్ ఉంటుంది, మనిషికి 30,000 వాన్ పైనే తీసుకుంటారు, ఒక్కరికి మాత్రం మార్చి ఇమ్మంటే కుదరదు.

---

పెసరమొలక:

సందులు గారు నాన్నగారి సంగతి తేల్చేశారు. అమ్మగారి సంగతి నేను చెప్తాను, అసలు కష్టమంతా అక్కడే ఉంది.

కొరియన్ వంటలో మాంసం కంటికి కనపడేచోట తక్కువ, కనపడనిచోట ఎక్కువ. మామూలు కిమ్చీలో చేపల పులుసో, ఉప్పులో ఊరేసిన పొట్టి రొయ్యలో పడతాయి. ద్వెన్‌జాంగ్ జ్జిగే చూడ్డానికి సోయా ముద్ద, టోఫు, కూరగాయలే, కానీ చారు నెత్తళ్లది. బిబిమ్‌బాప్‌లో (అన్నం మీద కూరగాయలు పేర్చి కలుపుకునేది) మాంసం తీసేయమన్నా పైన వేసే గోచుజాంగ్‌ని (మిరప ముద్ద) బీఫ్ కీమాతో వేయించి పెట్టే కొట్లున్నాయి. జాప్‌ఛే (చిలగడదుంప పిండి నూడుల్స్)లో సన్నటి బీఫ్ తురుము. అందుకే 'మాంసం వద్దు' అనే ఒక్క వాక్యం పట్టుకుని తిరిగితే పని జరగదు. అక్కడ 'గోగి' అంటే ముద్ద మాంసం. నెత్తళ్ల చారుని వాళ్లు ఆ లెక్కలో వేయరు. అబద్ధం చెప్పడం కాదు, ఆ మాటకి వాళ్ల అర్థమే అది.

అడగాల్సింది చారు గురించి: గుంగ్ముల్ మ్వొల్లో నేయో? (చారు దేనితో కాస్తారు?) జవాబులో ఈ మాటల కోసం చెవి పెట్టండి.

మ్యొల్చి: నెత్తళ్లు. సగోల్: ఎద్దు కాలి ఎముక. సోగోగి: బీఫ్. దాక్: కోడి. జోగే: ఆల్చిప్ప. వీటిలో ఏది వినిపించినా అమ్మగారికి వద్దు. మొదటిదీ, చివరి రెండూ నాన్నగారికి పర్వాలేదు. దాషిమా (సముద్రపు నాచు), బొసొత్ (పుట్టగొడుగు), ఛేసు (కూరగాయల చారు), ఈ మూడే వినిపిస్తే అమ్మగారు కూర్చోవచ్చు.

కిమ్చీ కోసం ఇంకో వాక్యం: జొత్కల్ దురొగాయో? (ఉప్పుచేప, రొయ్య కలుస్తుందా?) గుడ్డు వద్దంటే గ్యేరాన్ ప్పే జుసేయో. ఫోన్‌లో ఈ మూడూ కొరియన్ లిపిలో రాయించి పెట్టుకుని చూపించడం మేలు. మన ఉచ్చారణ వాళ్లకి ఒక్కోసారి అందదు.

ఇక ఎక్కడ తినాలి అంటే:

బాల్వూ గోంగ్యాంగ్. జోగ్యేసా గుడి ఎదురుగా టెంపుల్‌స్టే భవనం అయిదో అంతస్తులో, అన్‌గుక్ 6వ ఎగ్జిట్ నుంచి పది నిమిషాల లోపే. బౌద్ధ జోగ్యే సంప్రదాయంవాళ్లు నడిపేది. ఇక్కడ మాంసం, చేప ఏ రూపంలోనూ ఉండదు. కిమ్చీలో కూడా. పైగా 'ఓసిన్‌ఛే' అని అయిదు ఘాటు దినుసులు నిషేధం: వెల్లుల్లి, ఉల్లికాడ, బుచు (వెల్లుల్లి వాసనొచ్చే గడ్డి లాంటి ఆకు), దల్లే (అడవి ఉల్లి), అయిదోది హుంగ్గొ. ఈ హుంగ్గొ ఏమిటో తెలిస్తే మనవాళ్లు నవ్వుకుంటారు, అది మన ఇంగువ! కొరియాలో ఇంగువ పండదు, వాడరు, అయినా గ్రంథాల్లో ఉందని నిషేధం మాత్రం అలాగే ఉండిపోయింది. అక్కడ ఆ స్థానంలో ఉల్లిపాయని లెక్కేస్తారు. తామరాకులో చుట్టి ఆవిరిపట్టిన అన్నం, పుట్టగొడుగుల గాంగ్‌జొంగ్ (వేయించి తియ్యటి పాకం పట్టించినది), కాలాన్నిబట్టి ఆకుకూరలు వస్తాయి. రుచి మెత్తగా ఉంటుంది, కారం ఆశించకండి. 30,000 వాన్ పైమాటే. ముందు బుక్ చేసుకోవాలి, ఆదివారం మూసి ఉంటుంది. నలుగురూ కలిసి కూర్చుని పాతకాలపు తిండి తినగల చోటు మీకు ఇదొక్కటే అనుకోండి, ఒక పూట దీనికే పెట్టేయండి.

ఒసెగ్యేహ్యాంగ్, ఇన్సాదోంగ్ సందులో. పూర్తి వీగన్. మాంసం రూపంలో సోయాతో చేసిన కొరియన్ వంటకాలు. పాతకాలం అని చెప్పలేను కానీ ఆకలి వేసినప్పుడు ఏమీ అడగకుండా తినొచ్చు.

జావలు (జుక్). గుమ్మడికాయ జావ (హోబాక్‌జుక్), పైన్ గింజల జావ (జాత్‌జుక్), ఎర్ర పాత్ గింజల జావ (పాత్‌జుక్). వీటికి చారు అక్కర్లేదు, గింజ, బియ్యం, నీళ్లు, ఉప్పుతోనే అవుతాయి. కూరగాయల జావ (యాఛేజుక్) అన్నచోట మాత్రం చారు అడగండి, అది తరచూ మాంసం చారుతో కాస్తారు. పేరు చూసి మోసపోయేది ఎక్కువగా దీని దగ్గరే.

కోంగ్‌గుక్సు. నానబెట్టి ఉడికించిన సోయా గింజలు రుబ్బిన చల్లటి చిక్కటి పాలలో నూడుల్స్. చారు లేదు, ఉప్పు మీరు వేసుకుంటారు. ఎండాకాలపు వంటకం, మేలో మొదలైపోతుంది. సిటీ హాల్ దగ్గర జింజు హ్వేగ్వాన్ దీనికే పేరు. మీరు చెప్పిన పరిధికి కొంచెం అవతల. పక్కనిచ్చే కిమ్చీ మాత్రం అమ్మగారు ముట్టకూడదు.

---

మిరపబజ్జీ:

బుక్‌చోన్‌లోనే సోగ్యొక్‌దోంగ్‌లో హ్వాంగ్‌సేంగ్‌గా కల్‌గుక్సు ఉంది కదా, చేత్తో కోసిన నూడుల్స్, కూరగాయల మాందూ (లోపల కూర పెట్టిన కుడుములు) అడిగితే అమ్మగారికి సరిపోదా? ఆర్ట్ మ్యూజియం పక్కనే, చాలా దగ్గర.

గ్వాంగ్‌జాంగ్ మార్కెట్ కూడా రాసుకోండి, 1905 నాటిది. జోంగ్నో 5-గా స్టేషన్ 8వ ఎగ్జిట్. అక్కడి బిందేత్తొక్ అచ్చం మన పెసరట్టు అన్నమాట.

---

పెసరమొలక:

బజ్జీ గారూ, కొట్టు మంచిదే, చారే తేడా. అక్కడి కల్‌గుక్సు చారు బీఫ్ ఎముకలది. అమ్మగారికే కాదు, నాన్నగారికి కూడా కుదరదు. మాందూ కూరలోనూ మాంసం ఉంటుంది.

బిందేత్తొక్ పెసరట్టులా కనిపిస్తుంది, నిజమే. నానబెట్టిన పెసలని రుబ్బడం వరకూ ఇద్దరిదీ ఒకటే దారి, కాకపోతే వాళ్లు పొట్టు తీసి రుబ్బుతారు. ఆ తరవాత దారులు వేరు. పిండిలో పెసర మొలకలు, కిమ్చీ కలుస్తాయి, చాలా కొట్లలో పోర్క్ కూడా. అరచేయి మందాన నూనెలో ఈదించి వేయిస్తారు. అదే పెనం మీద పక్కన మాంసం ఉండలు కూడా వేగుతుంటాయి. కాబట్టి శుద్ధ శాకాహారికి గానీ పోర్క్ వద్దనేవారికి గానీ ఇది చెప్పొద్దు. తినే ఇద్దరికి మాత్రం వేడిగా, అంచు కరకరలాడుతుండగానే, ఉల్లిపాయ వేసిన సోయా నీళ్లలో అద్దుకుని తినమనండి. పార్సిల్ కట్టించుకుంటే అరగంటలో మెత్తబడి నూనె ముద్ద అవుతుంది.

ఆ మార్కెట్‌లో అమ్మగారికి దొరికే అవకాశమున్నది చిట్టి గిమ్‌బాప్ (నాచు రేకులో చుట్టిన అన్నం). క్యారెట్, పసుపు ముల్లంగి ఊరగాయ, ఆకుకూర పెట్టి చుట్టేవి, ఆవాల సోయాలో అద్దుకుంటారు. కొందరు హామ్, చేప కేకు పెడతారు. చుట్టేది కళ్లముందే కాబట్టి చూసి కొనుక్కోండి.

---

జోంగ్నో_సందులు:

గ్వాంగ్‌జాంగ్‌లో ఇంకో జాగ్రత్త. ధర, పరిమాణం రెండూ బోర్డు మీద చూసి, వేలితో చూపించి ఆర్డర్ ఇవ్వండి. 'కలిపి ఇవ్వనా' అని అడిగితే అవునన్నారంటే పెద్ద ప్లేటు బిల్లు పడుతుంది. జేబులో నగదు ఉంచుకోండి.

నాన్నగారికి అటువైపు వెళ్తే దాక్‌హాన్‌మారి సందు ఉంది, దోంగ్‌దేమున్ వైపు. కోడి మొత్తాన్ని పెద్ద పళ్లెంలాంటి గిన్నెలో బల్లమీదే ఉడికిస్తారు, బంగాళాదుంప, బియ్యప్పిండి ముద్దలు (తొక్) తోడు. తొక్ ముందు తినాలి, ఆలస్యమైతే జిగురైపోతుంది. కారం ముద్ద, వెనిగర్, సోయా, ఆవముద్ద మీరే కలుపుకుని అద్దుకోవాలి. చివరికి అదే చారులో నూడుల్స్ వేయించుకోండి, అసలు రుచి అక్కడుంది. ఒక కోడి ఇద్దరు, ముగ్గురికి.

---

చిట్టిగారె:

చాలా థాంక్స్ అండీ. మూడు సందేహాలు మిగిలాయి. అమ్మ తినలేని కొట్టుకి నలుగురం వెళ్లి, తను ఊరికే కూర్చుంటే అభ్యంతరం చెప్తారా? కుర్చీల సంగతి? క్యూ యంత్రాల్లో కొరియన్ ఫోన్ నంబర్ అడుగుతాయని విన్నాం, నిజమేనా?

---

జోంగ్నో_సందులు:

అభ్యంతరం చెప్తారు. చిన్న కొట్లలో మనిషికొక వంటకం అని నియమం, గోడమీద రాసే ఉంటుంది. నలుగురు కూర్చుని మూడే చెప్తే మొహం మాడ్చుకుంటారు, క్యూ ఉన్న సమయంలో అయితే ఖచ్చితంగా. కొన్ని వంటకాలకి కనీసం రెండు వంతులు చెప్పాలనీ ఉంటుంది. అందుకని విడిపోయి తినడమే తేలిక. మీకు కలిసొచ్చేది సామ్‌చొంగ్‌దోంగ్. సుజేబి కొట్టు నుంచి రెండు మూడు నిమిషాల్లో 'సియోల్‌లో రెండో మంచి కొట్టు' అని పేరు పెట్టుకున్న చోటు ఉంది (పేరే అది, 1976 నుంచీ). అక్కడ దాన్‌పాత్‌జుక్, అంటే తియ్యటి ఎర్ర గింజల జావ. పైన చెస్ట్‌నట్, దాల్చినపొడి, లోపల తొక్ ముద్ద. గిన్నె చిన్నది కానీ బరువు. ఇద్దరు సుజేబి తినేలోగా ఒకరు తోడుండి అమ్మగారికి అది తినిపించొచ్చు, లేదా ముగ్గురూ తిన్నాక అందరూ కలిసి అక్కడికే వెళ్లొచ్చు. అల్లం, దాల్చినచెక్క కాచి చల్లార్చిన సుజొంగ్‌గ్వా కూడా ఉంటుంది.

కుర్చీలు: చాలా పాత కొట్లు బల్లలు, కుర్చీలకి మారాయి, హానొక్ ఇళ్లలో ఇంకా కింద కూర్చునే గదులున్నాయి. చెప్పులు విప్పకముందే ఉయ్‌జా జారి ఇస్సొయో? అని అడగండి. విప్పాక అడిగితే అప్పటికే మీకు బల్ల కేటాయించేసి ఉంటారు.

ఫోన్ నంబర్: అవును, గుమ్మం దగ్గర టాబ్లెట్‌లో నంబర్ కొడితే కాకావోటాక్‌లో (అక్కడి వాట్సాప్ లాంటిది) పిలుపు వస్తుంది. విదేశీ నంబర్ తీసుకోకపోతే లోపలి కౌంటర్‌లో చెప్తే చేత్తో రాసుకుంటారు. అప్పుడు గుమ్మం వదిలి వెళ్లకూడదు, పేరు పిలిచినప్పుడు లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది. హోటళ్లలో బల్ల బుక్ చేసుకునే క్యాచ్‌టేబుల్ యాప్‌కి విదేశీయుల కోసం వేరే వెర్షన్ ఉంది, బయల్దేరే ముందే పెట్టుకోండి. గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకోవద్దు, అక్కడ నడక దారి చూపించడంలో అది సరిగ్గా పనిచేయదు. నేవర్ మ్యాప్ వాడండి. కొట్టు ఇవాళ తెరిచి ఉందా లేదా అన్నది కూడా అందులోనే తెలుస్తుంది.

వేళలు: 11:30 నుంచి 1 దాకా ఆఫీసువాళ్లు. 11కి గానీ 1:30కి గానీ వెళ్లండి. 3 నుంచి 5 దాకా చాలాచోట్ల వంటగది మూత. టిప్పు ఇవ్వరు. నీళ్లు చాలాచోట్ల మనమే తెచ్చుకోవాలి, చెంచాలు బల్ల పక్కన సొరుగులో ఉంటాయి. బాంచన్ (భోజనంతో పాటు ఇచ్చే చిన్న చిన్న పక్క వంటకాలు) అయిపోతే మళ్లీ అడగొచ్చు, దానికి డబ్బు వేయరు.

బుక్‌చోన్ 11-గిల్, అంటే అందరూ ఫోటోలు తీసుకునే ఏటవాలు సందు, పర్యాటకులకి ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకే. 2025 మార్చి నుంచి ఆ వేళలు దాటితే 100,000 వాన్ జరిమానా. రాత్రి భోజనం చేసి ఆ దారిన షికారు వద్దు.

---

పెసరమొలక:

ఒక పూట తోంగిన్ మార్కెట్ కూడా చూడండి, సొచోన్‌లో, తోసోక్‌చోన్ నుంచి నడిచేంత దూరం. అక్కడ పాతకాలపు ఇత్తడి నాణేల్లాంటివి కొనుక్కుని (ఒక్కోటి 500 వాన్), ఖాళీ డబ్బా పట్టుకుని కొట్టుకొట్టుకీ తిరిగి కొద్దికొద్దిగా పెట్టించుకుని, పైన భోజనాల గదిలో తింటారు. మనిషికొక వంటకం అనే గొడవ లేదు, ఎవరి డబ్బా వారిది. మీ నలుగురికి ఇది బాగా నప్పుతుంది. మధ్యాహ్నం వరకే, సోమవారం ఉండదు. బోర్డు పెట్టిన కొట్లే నాణేలు తీసుకుంటాయి.

నూనె తొక్‌బొక్కి (గిరుమ్ తొక్‌బొక్కి) అక్కడి ప్రత్యేకత. బియ్యప్పిండి ముద్దల్ని చారు లేకుండా, పెనం మీద నూనెలోనే వేయిస్తారు. మామూలు తొక్‌బొక్కిలా నెత్తళ్ల చారు, చేప కేకు ఉండవు. కారంపొడిది, సోయాది అని రెండు రకాలు. మసాలాలో ఏం కలిసిందో కొట్టులో అడిగి, సోయాది ముందు అమ్మగారికి ఒక నాణేనికి వచ్చేంత పెట్టించండి. వేడి తగ్గితే గట్టిపడిపోతుంది, కాబట్టి డబ్బాలో అది చివర వేయించుకోండి.